మైసూరు పిండి, హైదరాబాదు ప్రశ్న: మాంసకృత్తుల పరిశోధనాలయముల చరిత్ర

మాంసకృత్తు అను మాట తెలుగున ప్రొటీను అను ఆంగ్లపదమునకు బదులుగా వచ్చినది. 'కృత్తు' అనగా చేయునది. మాంసమును చేయునది మాంసకృత్తు. అది మాంసమునుండియే పుట్టవలెనని ఆ మాటలో ఎక్కడను లేదు. కందిపప్పులోనిదియు, వేరుశనగలోనిదియు, గేదెపాలలోనిదియు మాంసకృత్తే. తరగతిలో ఈ పదమును విడదీసి చెప్పినపుడు, 'ఐతే పప్పు తిన్నను కండ పట్టునా?' అని పిల్లలు అడుగుదురు. పట్టునని చెప్పుటకు ఒక క్షణము చాలును. కాని ఎంత పప్పు, ఏ పప్పు, దానితోపాటు ఎంత అన్నము అను ప్రశ్నలకు సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులకు అర్ధశతాబ్దము గడచినది. దానికై ఎన్నో పరిశోధనాలయములు వెలసినవి. దేశదేశముల ధనము వ్యయమైనది.

ఆ కథలోని ముఖ్యఘట్టములు కొన్ని మన దక్షిణదేశముననే జరిగినవి. మైసూరున ఒక పిండి పుట్టినది. కూనూరున పుట్టి హైదరాబాదునకు తరలిన మరియొక సంస్థలో ఆ పిండి అవసరమునుగూర్చియే ఒక ప్రశ్న పుట్టినది. ఈ రెంటిని కలిపి చూచినపుడుగాని ఆ చరిత్ర అర్థము కాదు. నేడు ప్రత్యామ్నాయ మాంసకృత్తులు అను పేరుతో క్రొత్త కేంద్రములు వెలయుచున్నవి. వానికి కోట్ల కొలది ధనము లభించుచున్నది. ఒకప్పుడును ఇట్లే ధనము వచ్చినది, పిదప పోయినది. ఆ రాకపోకల కారణములను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

గానుగ చెక్క

నూనె తీయగా మిగిలిన పిండిని తినుట తెలుగువారికి క్రొత్త గాదు. గోదావరి తీరమునను యానాము పరిసరములను తెలగపిండిని మునగాకుతో కూర వండుదురు. పాలుపడునని బాలింతలకు పెట్టుదురు. పుస్తకములలో ప్రత్యామ్నాయ మాంసకృత్తులను మాట పుట్టకముందే ఆ వస్తువు మన వంటింట ఉన్నది.

వేరుశనగ చెక్క కథ వేరు. అనంతపురము జిల్లానుండి పావగడ, చెళ్ళకెర తాలూకాల వరకు ఎఱ్ఱనేలలు వ్యాపించియున్నవి. రాష్ట్రములు రెండైనను పైరు ఒకటే, శెనక్కాయ. ఎల్లకు రెండువైపులను తెలుగు మాటాడు రైతులు కలరు. కాయను ఆడించి నూనె తీసిన పిదప వచ్చు చెక్క పశువుల తొట్టికిని, పొలములో ఎరువుగను పోయెడిది. వేరుశనగ గింజ తూకములో సుమారు నాలుగవ వంతు మాంసకృత్తులే. నూనె పోయిన పిండిలో అవి ఇంచుమించు సగమగును. 1943 నాటి వంగదేశపు కరవు తరువాత, తిండిగింజల కొఱతతో స్వాతంత్ర్యము పొందిన దేశమున, ఇంతటి పదార్థము మనుష్యులకు అందకుండ పోవుట శాస్త్రజ్ఞుల మనస్సులను కలచినది.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా ఉన్న డాక్టరు వి. సుబ్రహ్మణ్యన్ ఆ ప్రశ్నను చేపట్టినవారిలో ముఖ్యులు. 1940ల దశకమున ఆయన బృందము సోయాచిక్కుడు పాలపై పరిశోధనలు చేసినది. పాడి తక్కువైన ఇండ్లకు గింజలనుండి పాలు తీయవచ్చునా అనునది వారి విచారము.

మైసూరు

1950 అక్టోబరులో మైసూరున కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రారంభమైనది. సుబ్రహ్మణ్యన్‌గారే దానికి మొదటి డైరెక్టరు. మైసూరు ప్రభువులు రాజకుమారి చెలువాజమ్మణ్ణి నివాసమునకై కట్టించిన చెలువాంబా భవనము ఆ సంస్థకు ఇల్లైనది. నిర్వహణభారము శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిది. రాణివాసమున పిండిమరలు తిరుగసాగినవి.

మొదటి ఫలములలో ఒకటి ఆ నగరము పేరనే ప్రసిద్ధమైన 'మైసూరు పిండి'. అందు నాలుగింట మూడుపాళ్ళు కఱ్ఱపెండలపు పిండి, ఒకపాలు వేరుశనగ పిండి. కఱ్ఱపెండలము కడుపు నింపునుగాని అందు మాంసకృత్తులు బహుస్వల్పము. ఆ లోటును వేరుశనగ తీర్చవలెనని ఉద్దేశము. కఱ్ఱపెండలపు పిండి, వేరుశనగ పిండి, గోధుమరవ్వ కలిపి బియ్యపుగింజల రూపమున ఒత్తిన 'కృత్రిమ బియ్యము' కూడ ఈ కాలముననే వచ్చినది. పేరులో కృత్రిమమున్నను అందలి సరుకు మన పొలములదే.

అంతకంటె పేరు పొందినది 'బహుళప్రయోజన ఆహారము'. వేరుశనగ పిండి 75 పాళ్ళు, వేయించిన శనగల పిండి 25 పాళ్ళు. వానితో సున్నపు లవణములు, విటమినులు చేర్చిరి. నూరు గ్రాములలో మాంసకృత్తులు సుమారు 42 గ్రాములు. ఈ కలయికలో ఒక యుక్తి కలదు. వేరుశనగ మాంసకృత్తులలో లైసిన్ అను అంశము కొఱత. శనగలలో అది మెండు. ఒకదాని లోటును మరియొకటి పూరించును. మన అవ్వలు అన్నములో పప్పు కలుపుటలోను ఇదే యుక్తి యున్నది.

ఈ పిండిని చేయుట చెప్పినంత సులభము గాదు. మామూలు నూనెమిల్లు చెక్కలో పొట్టు, ఇసుక, చచ్చుగింజలు కలిసియుండును. మనుష్యులకు పెట్టవలెనన్న మేలైన గింజలను ఏరవలెను; ఎఱ్ఱని పొరను, చేదుగల మొలకను తీయవలెను; శుభ్రమైన యంత్రములో నూనె పిండవలెను. ఈ పద్ధతిని దేశమునకు ఏర్పఱచి యిచ్చినది మైసూరు సంస్థయే.

అదే కప్పు క్రింద జరిగిన మరియొక పనిని ఇచట తలంపవలెను. గేదెపాలలో వెన్న ఎక్కువ, పసిపిల్లలకు అరుగవు. వానిని సంస్కరించి శిశువుల పాలపొడిగా చేయు విధానమును మైసూరువారు కనుగొనిరి. గుజరాతులోని అమూల్ సహకారసంఘము దానిని స్వీకరించి, 1960 ప్రాంతమున తయారీకి పూనుకొనినది. ఆ పాలపొడి ఇంటింటి మాట అయినది. బహుళప్రయోజన ఆహారము మాత్రము వసతిగృహములు, ప్రభుత్వ పంపిణీలు దాటి బజారున నిలువలేకపోయినది. ఒక దానికి కొనగల తల్లులు ఉండిరి; రెండవది కొనలేనివారికై చేసినది. ఈ భేదమును మనసున ఉంచుకొని ముందునకు పోవుదము.

ధనము వచ్చిన త్రోవ

1933లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు పశ్చిమాఫ్రికాలోని గోల్డ్‌కోస్టున పిల్లలకు ఒడలు ఉబ్బి, చర్మము పొరలు లేచు వ్యాధిని వర్ణించెను. దానికి క్వాషియార్కర్ అని అచ్చటి భాషలోని పేరే నిలిచినది. రెండవ బిడ్డ పుట్టగానే పాలు మాన్పించిన మొదటి బిడ్డకు వచ్చు జబ్బు అది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థలకై తయారైన నివేదిక దానిని ఆఫ్రికాలో అతివ్యాప్తమైన పోషణలోపముగా ఎన్నినది. అంతట లోకమునకు మాంసకృత్తుల కొఱతయే పెద్ద ఆకలి అను నమ్మకము కలిగినది. 1955లో మాంసకృత్తుల సలహాసంఘము ఏర్పడినది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషను, యునిసెఫ్ మొదలగు సంస్థలు పరిశోధనలకు ధనమీయసాగినవి.

బహుళప్రయోజన ఆహారమను పేరుకు కూడ విదేశమున మూలము కలదు. కాలిఫోర్నియాలో హెన్రీ బోర్సూక్ అను జీవరసాయనజ్ఞుడు సోయాతో ఆ పేరుగల ఆహారమును చేసెను. లాస్ ఏంజిలిస్‌లో భోజనశాలలు నడుపు క్లిఫర్డ్ క్లింటన్ దానిని ఆకలిగొన్న దేశములకు పంపుటకు 1946లో 'మీల్స్ ఫర్ మిలియన్స్' అను సంస్థను స్థాపించెను. మైసూరువారు ఆ భావమును గ్రహించి, సోయా స్థానమున మన వేరుశనగను, శనగను నిలిపిరి. 1960ల దశకమున కెనడా ప్రజల విరాళముతో, ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మైసూరున అంతర్జాతీయ ఆహార సాంకేతిక శిక్షణకేంద్రము వెలసినది. ఆసియా, ఆఫ్రికాలనుండి విద్యార్థులు వచ్చిరి. 1963లో డైరెక్టరైన డాక్టరు హెచ్.ఏ.బి. పార్పియా కాలమున వేరుశనగ మాంసకృత్తులను వేరుపఱచి గేదెపాలతో కలిపిన 'మిల్టోన్' వచ్చినది. బెంగుళూరు పాలకేంద్రమునుండి అది సీసాలలో బయలుదేరినది.

1968లో ఐక్యరాజ్యసమితి రానున్న మాంసకృత్తుల సంక్షోభమును తప్పించుటకు అంతర్జాతీయ కార్యాచరణ కావలెనని నివేదిక ప్రకటించినది. ఆకునుండి మాంసకృత్తులు, నీటిపాచినుండి మాంసకృత్తులు, ఫ్రాన్సులోని లావెరాలో కిరసనపు మైనముపై పెంచిన ఈస్టునుండి మాంసకృత్తులు, ఇట్లు ఏ మూల చూచినను ఒక ప్రయోగశాల. మైసూరున స్పైరులీనా నాచుపై పని సాగినది. ధనమునకు కొదవలేదు.

బూజు

ఇంతలో ఒక విఘ్నము కలిగినది. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళు హఠాత్తుగా చచ్చినవి. బ్రెజిలునుండి తెచ్చిన వేరుశనగ చెక్క మేపు దానికి కారణమని తేలినది. చెక్కకు పట్టిన ఒక బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించునని కనుగొనిరి. కాలేయమునకు అది మహాశత్రువు. పిల్లల పిండికి వేరుశనగయే ఆధారమైన దేశమునకు ఇది పిడుగువంటి వార్త. కిలో పిండికి 30 మైక్రోగ్రాములకు మించి ఆ విషము ఉండరాదని సలహాసంఘము హద్దు పెట్టినది. దానితో పరిశోధన పిండిమరనుండి పొలమునకు మరలవలసి వచ్చినది. ఎప్పుడు పెఱుకవలెను, ఎట్లు ఆరబెట్టవలెను, ఎక్కడ నిలువచేయవలెను అనునవి ముఖ్యములైనవి. కోతవేళ వాన కురిసిన ఏడు శెనక్కాయ చెడునని అనంతపురము రైతునకు ఎవరును చెప్పనక్కఱలేదు. ఐతే ఆ చెడుగును కంటితో చూచి కొలువరాదని శాస్త్రము చెప్పినది.

హైదరాబాదు ప్రశ్న

1918లో కూనూరున పాస్టర్ ఇన్‌స్టిట్యూటులోని ఒక గదిలో రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధి విచారణ ఆరంభించెను. ఆ గది పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. 1958లో హైదరాబాదునకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. దీని పోషకులు ప్రధానముగా భారతీయ వైద్య పరిశోధన మండలివారు. పిండిని తయారుచేయుట ఈ సంస్థ పని గాదు. పిల్లవాని ఒడలిని, వాని కంచమును పరీక్షించుట దీని పని.

1960ల దశకమున దీనికి నాయకులైన డాక్టరు సి. గోపాలన్, వారి సహచరులు ఒక సంగతి గమనించిరి. ఒడలు ఉబ్బిన పిల్లలును, ఎండిపోయిన పిల్లలును ఒకే విధమగు ఇండ్లనుండి, ఒకే విధమగు తిండి తిని వచ్చుచుండిరి. ఆ తిండిలో మాంసకృత్తుల పాలు తక్కువ గాదు, తిండియే తక్కువ. శరీరమునకు శక్తి చాలనప్పుడు అది మాంసకృత్తులను కాల్చి వాడుకొనును. వంటచెఱకు లేని యింటివారు ఇంటి దూలమునే నఱికి పొయ్యిలో పెట్టినట్లు! అట్టి యింటికి మరియొక దూలము దానము చేసిన ప్రయోజనమేమి? ముందు కట్టెలు కావలెను.

ఈ విషయమును వారు హైదరాబాదు సమీప గ్రామములలో పరీక్షించిరి. 1 నుండి 5 ఏండ్ల పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన తీపిపదార్థమును 14 నెలలు ఇచ్చిరి. దానివలన దినమునకు 310 కెలోరీలు లభించును. మాంసకృత్తులు మాత్రము 3 గ్రాములే. ఐనను ఆ పిల్లలు పొందనివారికంటె ఎత్తునను బరువునను బాగుగ పెరిగిరి. ఈ ఫలితములు 1973లో ప్రకటితమైనవి. ఆహార వ్యవసాయ సంస్థలో గణాంకశాఖకు అధిపతిగా ఉండి పిమ్మట పూణెలో స్థిరపడిన డాక్టరు పి.వి. సుఖాత్మే కూడ లెక్కల త్రోవన ఇదే నిర్ణయమునకు వచ్చెను: ధాన్యము తిను మన దేశమున కడుపునిండ తినగలవానికి సామాన్యముగా మాంసకృత్తులును చాలును.

1974 జూలైలో డొనాల్డ్ మెక్‌లారెన్ అను పోషణశాస్త్రజ్ఞుడు లాన్సెట్ పత్రికలో మాంసకృత్తుల పేర జరిగినదంతయు ఒక మహావైఫల్యమని వ్రాసెను. 1977లో సలహాసంఘము రద్దైనది. ధనము వచ్చిన వేగముననే పోయినది.

మిగిలినదేమి, పోయినదేమి

ఇందు మైసూరువారి తప్పు పట్టుట నా ఉద్దేశము గాదు. వారిని లోకము ఒక ప్రశ్న అడిగినది; దానికి వారు శ్రద్ధతో, చాకచక్యముతో సమాధానము చెప్పిరి. ప్రశ్నయే సగము తప్పు. అది తప్పని చెప్పగల మరియొక సంస్థ, వేరు పోషకులతో, అదే దేశమున ఉండుట మన భాగ్యము.

మైసూరు విద్య వ్యర్థము గాలేదు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైన పిదప అంగన్‌వాడీలలో వాడిన పిండ్లకు ఆ అనుభవమే పునాది. హైదరాబాదువారు కూర్చిన 'హైదరాబాదు మిక్స్'ను చూడుడు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగలు 10, బెల్లము 20. మొత్తము 86 గ్రాములు. 330 కెలోరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. శనగయు, వేరుశనగయు మైసూరునుండి నడచివచ్చినవే. వానికి గోధుమ, బెల్లము తోడైనవి. దూలమును కట్టెలును ఒకే బండిలో వచ్చినవి. ఏ తల్లియైనను తన యింట వేయించి దంచుకొనగలదు.

కాని పోయినదియు కలదు. తిండి చాలిన మాంసకృత్తులు చాలునన్న మాటను పాలకులు సగమే విని, ధాన్యమును పెంచి పప్పులను మఱచిరి. ప్రభుత్వ ఆర్థిక సర్వేల లెక్కలలో తలకు దినమునకు లభించిన పప్పులు 1961లో 69 గ్రాములు, 1981లో 37.5, 2001లో 30. ప్రయోగశాలలలో మాంసకృత్తులకై వాదములు జరుగుచుండగా కంచములోని పప్పు సగమునకంటె తక్కువకు దిగినది. ఈ లోటును పూడ్చు పని 1972లో పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్ వంటి విత్తన కేంద్రములపై పడినది. కంది, శనగ, వేరుశనగలు దాని పైరులలోనివి. అనంతపురము కరవునేలలలో అచ్చటి ఐ.సి.జి.వి. 91114 అను వేరుశనగ రకమును రైతులు నేడెఱుగుదురు. పేరునకు మాంసకృత్తుల కేంద్రము గాకున్నను, పనిని బట్టి అది మాంసకృత్తుల కేంద్రమే.

నేటి కేంద్రములు

గత పది సంవత్సరములలో ధనము మరల వచ్చుచున్నది. ఈసారి కారణము పిల్లల ఆకలి గాదు; భూమి వేడెక్కుట, మేతభూములకై అడవులు తఱుగుట, జంతుహింస. 2019లో కేంద్రప్రభుత్వ జీవసాంకేతిక శాఖ హైదరాబాదులోని కణ అణు జీవశాస్త్ర కేంద్రమునకును, జాతీయ మాంస పరిశోధన కేంద్రమునకును కణమాంస పరిశోధనకై నాలుగున్నర కోట్ల రూపాయలు ఇచ్చినది. జంతువును చంపక, దాని కణములను పాత్రలో పెంచి మాంసము చేయుట దాని లక్ష్యము. ఆ ఏడే ముంబాయిలోని రసాయన సాంకేతిక సంస్థ, గుడ్ ఫుడ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి మహారాష్ట్రమున ఇట్టి కేంద్రమును తలపెట్టినవి. 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన బయో ఇ3 విధానమున ఈ క్రొత్త మాంసకృత్తులకు స్థానము లభించినది. అదే సంవత్సరము బెజోస్ ఎర్త్ ఫండ్ పరిశోధన కేంద్రములకై ఆరుకోట్ల డాలర్లు ప్రకటించి, అందు మూడుకోట్లు అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమునకు ఇచ్చినది. బ్రిటనులో లీడ్స్ ప్రధానస్థానముగా ఒక జాతీయ కేంద్రమునకు ప్రభుత్వపక్షమున ఒకటిన్నర కోటి పౌండ్లు లభించినవి. ఈ మొత్తములప్రక్క మన నాలుగున్నర కోట్ల రూపాయలు చిన్నవే.

మొత్తము చిన్నదైనను చరిత్ర మనకు పెద్దది. అది నేర్పు పాఠములు మూడు. దాత ధనముతోపాటు ప్రశ్నను కూడ తెచ్చును; ఆ ప్రశ్నను పరీక్షించు సంస్థకు వేరు ధనము కావలెను. రెండవది, తినువాడెవడో ముందే తెలియవలెను. కొనగలవాని కోసమా, కొనలేనివాని కోసమా అనునది తేలక పుట్టిన వస్తువు బహుళప్రయోజన ఆహారమువలె పంపిణీలోనే ఆగిపోవును. మూడవది, లోకపు మోజు మారినపుడు పరిశోధన ఆగిపోరాదు. 1977 తరువాత వేరుశనగ మాంసకృత్తులపై ధనము తఱుగకున్నచో నేడు మొక్కలనుండి మాంసము వంటిది చేయుటలో మనము ఇంకను ముందుండెడివారము.

కన్నడదేశమున తెలుగు చెప్పు నాబోటివానికి ఈ విషయము దూరమైనది గాదు. మధ్యాహ్న భోజనమున కోడిగ్రుడ్డు ప్రవేశపెట్టినపుడు, అది తినని పిల్లలకు కొంతకాలము అరటిపండుగాని పల్లీచిక్కీగాని ఇచ్చిరి. శెనక్కాయ పండించు ఇండ్ల పిల్లలు ఆ చిక్కీని ప్రభుత్వపు మిఠాయియని భద్రముగా చేతబట్టుకొనిరి. తమ తాతల పొలములోనిదే, బెల్లము పట్టి, కాగితము చుట్టుకొని తిరిగివచ్చినదని వారికి చెప్పినపుడు ఒకడు, 'ఐతే మా యింట ఎందుకు చేయము?' అనెను. మైసూరు, హైదరాబాదుల చరిత్రయంతయు ఆ బాలుని ప్రశ్నలో నున్నది. రేపటి పరిశోధనాలయములు ఏ కణమును ఏ పాత్రలో పెంచినను, వాని ద్వారము వద్ద ఈ ప్రశ్నకు కొంచెము చోటుండవలెనని నా విన్నపము.